నలుగురికీ ఒకే లాగు

పైడయ్య నలభై ఏళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తున్నాడు. ఈ సంగతి మలేసియాలోని బాగన్ దాతుక్ ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకంటే అందరూ చూశారు. విన్నవాళ్ళు మాత్రం లేరు.

ఇందులో పైడయ్య తప్పేమీ లేదు, ఆ వాయిద్యం తీరే అంత. పెళ్ళి ఆర్కెస్ట్రాలో పాడేవాడు ముందుంటాడు. పాడే అమ్మాయి పట్టుచీర కట్టుకుని ఇంకా ముందుంటుంది. కీబోర్డువాడు జుట్టు ఎగరేస్తాడు, డ్రమ్ములవాడు ఎటూ ఊరుకోడు. వీళ్ళందరి వెనకాల, తెరకూ స్పీకరుకూ మధ్య సందులో, పొడుగాటి మనిషి ఒకడు నాలుగు తీగల గిటారు పట్టుకుని తలాడిస్తూ ఉంటాడు. పెళ్ళివాళ్ళు అతన్ని చూసి పాపం కుర్చీ దొరకలేదేమో అనుకుంటారు.

భార్య శాంతాదేవి అయితే ఆ మాట పైకే అనేది. ఇంటికొచ్చినవాళ్ళు మీ ఆయనేం చేస్తాడని అడిగితే, "పగలు కొబ్బరికాయల యార్డులో పని. శని, ఆదివారాలు ఆర్కెస్ట్రాలో నిలబడతాడు" అని చెప్పేది. వాయిస్తాడని ఒక్కనాడూ అనలేదు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు మరి. విననిదాన్ని విన్నానని ఎలా చెబుతుంది?

పైడయ్య పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి కొబ్బరి ఎస్టేటులోనే. తాతగారు విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వచ్చారంటారు. ఏ ఊరని అడిగితే మాత్రం ఇంట్లో నలుగురూ నాలుగు పేర్లు చెబుతారు. తండ్రి పొడుగాటి గడకు కొడవలి కట్టి కాయలు దింపేవాడు. ఆ పొడుగూ, తొందరలేనితనమూ కొడుక్కి వచ్చాయి. పైడయ్యకు పందొమ్మిదేళ్ళప్పుడు ఎస్టేటు ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే ఆయన ఇపో పట్నంలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. మనిషి వెళ్ళాడు గానీ గిటారు మిగిలింది. ఆర్కెస్ట్రా పెద్ద రవీంద్రన్ కూలీల ఇళ్ళ లైన్లన్నీ తిరిగి చివరికి పైడయ్యను పట్టుకున్నాడు.

"తీగలు నాలుగే లా. నీ చేతికి ఏళ్ళు అయిదున్నాయి. ఒకటి ఎక్కువే" అన్నాడు, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర లా తగిలిస్తూ.

సంగీతంలో పైడయ్యకు దొరికిన శిక్షణ మొత్తం అదే. మిగతాదంతా క్యాసెట్లు అరిగేదాకా విని పట్టుకున్నాడు. బాగానే పట్టుకున్నాడు కూడా. ఒక్కటే లోపం. అందరూ మొదలుపెట్టాక, గుటక మింగేంత ఆలస్యంగా అతని వేలు తీగ మీద పడేది. ఎంత చెప్పినా మారలేదు. ప్రతి పాటలోనూ రవీంద్రన్ ఒకసారి వెనక్కి తిరిగి, "పైడయ్య వచ్చినాడా?" అన్నట్టు చూసి, మళ్ళీ ముందుకు తిరిగేవాడు.

పెళ్ళయిన కొత్తలో పైడయ్య తన ఘనత చూపిద్దామని ఓ పెళ్ళి వీడియో క్యాసెట్టు తెచ్చి టీవీలో పెట్టాడు. శాంతాదేవి పని మానుకుని కూర్చుంది.

"ఇందులో నువ్వేడయ్యా?"

"అదిగో, ఎనకాల."

"కనపడతన్నావులే. ఇనపడవేటి?"

పైడయ్య లేచి టేప్ రికార్డరు తెచ్చి, తమ ఆర్కెస్ట్రా పాట పెట్టి, బేస్ మీట పూర్తిగా తిప్పాడు. కిటికీ అద్దం గడగడలాడింది.

"అదిగో! అదే నేను!"

శాంతాదేవి చెవి ఒగ్గి శ్రద్ధగా వింది. "కిటికీయా?" అంది. మర్నాడు కిటికీ సందులో కాగితం మడిచి దోపింది. దాంతో ఇంట్లో ఆ చప్పుడు కూడా పోయింది.

ఈ కథ ఆమె బంధువులందరికీ చెప్పి నవ్వించేది. పైడయ్య కూడా నవ్వేవాడు. నవ్వేవాడు గానీ లోపల ఎక్కడో గుచ్చుకునేది. ఊరు వినకపోతే పోనీ. ముప్పై నాలుగేళ్ళుగా పక్కన కూర్చుని అన్నం తింటున్న మనిషి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవరూ చెప్పకుండా "ఇదిగో, ఇది నువ్వు" అంటే చాలు. అంతకుమించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు. కూతురు పెళ్ళప్పుడు తప్ప.

ఇక కుగన్ సంగతి. కుగన్ శాంతాదేవి అన్నగారి కొడుకు. తల్లి తమిళావిడ కాబట్టి వాడికి తెలుగు కొంచెం వంకరగా వస్తుంది. దగ్గరి పట్నం తెలుక్ ఇంటాన్‌లో టైర్ల షాపు పైన గది తీసుకుని రికార్డింగు స్టూడియో పెట్టాడు. ముప్పై దాటినవాడు ఉన్నట్టుండి జుట్టు పెంచి జడలు కట్టించుకుంటే, శాంతాదేవి మొక్కుకున్నాడు కాబోలు, తైపూసం పండక్కి గుండు చేయించుకుంటాడనుకుంది. మూడు తైపూసాలు వెళ్ళిపోయినా గుండు కాకపోయేసరికి ఉండబట్టలేక అడిగింది.

"రెగ్గే, అత్తా" అన్నాడు కుగన్.

ఆమెకు అది రుగి అని వినపడింది. మలయ్‌లో రుగి అంటే నష్టం. "నట్టమొస్తే జుట్టు పెంచుకుంటారేట్రా? పని సూసుకోవాలి గానీ" అంది. ఆ రోజు నుంచి కుగన్ వాయించేది నష్టం పాటలని ఆమె లెక్క. కుగన్ ఆమె మాట కాదనలేదు, స్టూడియో చూసినవాళ్ళెవరూ కాదనరు.

ఒక పెళ్ళిలో భోజనాల వేళ ఆర్కెస్ట్రావాళ్ళంతా అరిటాకుల ముందుకు పరుగెత్తారు. పైడయ్య అలవాటుగా ఆలస్యంగా లేద్దామని కూర్చుని, తనలో తాను ఏదో వాయించుకుంటున్నాడు. చేతిలో అప్పడంతో అటు వెళ్తున్న కుగన్ ఆగిపోయాడు.

"మావా, అది ఏం పాట?"

"పాట కాదురా. ఊరికే."

"నువ్వు మొదటి దెబ్బ వదిలేసి వస్తన్నావు."

పైడయ్య సిగ్గుపడ్డాడు. "అలవాటురా. సిన్నప్పటినుంచీ లేటే."

"ఇల్ల, కాదు మావా, అది లేటు కాదు. అది రూట్స్!" అన్నాడు కుగన్, అప్పడం గుప్పెట్లో నలిగిపోతున్నా చూసుకోకుండా.

అప్పుడు చెప్పాడు. రూట్స్ రెగ్గే అని ఒక సంగీతం ఉందట, జమైకా వాళ్ళది. అందులో మొదటి దెబ్బ ఖాళీగా వదిలేస్తారట. పెళ్ళి పాటలో ఏది తప్పో అక్కడ అదే సొంపు. ముందు డ్రమ్మూ బేసూ కలిపి ఒక నడక తయారు చేస్తారు. దానికి రిధిం అని పేరు. ఆ ఒక్క రిధిం మీద ఎంతమంది గాయకులైనా ఎవరి పాట వాళ్ళు కట్టుకుని పాడుకోవచ్చు. మాటలు వేరు, రాగం వేరు, మనిషి వేరు, కింద నడిచేది మాత్రం ఒక్కటే.

"అక్కడ ముందు బేస్ వింటారు మావా. పాడేవాడు తరవాతే."

జమైకా ఎక్కడుందో పైడయ్యకు తెలియదు. ఆ క్షణాన మాత్రం అక్కడికి వెళ్ళి స్థిరపడిపోదామనిపించింది.

ఆరు ఆదివారాలు వరసగా తెలుక్ ఇంటాన్ వెళ్ళాడు. కుగన్ దగ్గరికని చెబితే శాంతాదేవి, "అక్కడ కూడా నిలబడాలా?" అని మాత్రం అడిగి, నీళ్ళ సీసా ఇచ్చి పంపేది. పైడయ్య వాయించిన ఆ నడకకు కుగన్ లంబాట్ రిధిం అని పేరు పెట్టాడు. మలయ్‌లో లంబాట్ అంటే ఆలస్యం. ఆ తర్వాత దాని మీద పాడడానికి నలుగురిని పోగుచేశాడు.

మొదటివాడు హమ్‌దాన్, రొయ్యలు పట్టే పడవ మనిషి. మలయ్‌లో వాన గురించి పాడాడు. రెండోవాడు కుమరన్, తమిళంలో ప్రేమ విఫలమైన పాట. అతనికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఎవరితో విఫలమయ్యాడో తేలేదాకా ఇంట్లో శాంతి లేదని వినికిడి. మూడో గాయని లోగేశ్వరి, పళ్ళ డాక్టరు దగ్గర నర్సు, ఇంగ్లీషులో ప్రపంచ శాంతి కోరింది. నాలుగోవాడి పేరు అప్పడు, పామాయిల్ గెలల లారీ డ్రైవరు, తెలుగు పాట వాడి వంతు. వాడికి వచ్చిన తెలుగు మాటలు ఒక నలభై ఉంటాయి. పాపం, నలభయ్యీ వాడేశాడు. "అన్నం తిన్నావా? తిన్నాను, తిన్నాను. అత్త వచ్చినాదా? రాలేదు, రాలేదు." ఆఖరి చరణానికి మాటలు నిండుకుంటే అంకెలు ఎత్తుకున్నాడు. అవి కూడా పన్నెండు దాకానే వచ్చు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తెలుక్ ఇంటాన్‌లో ఒక చిన్న హాల్లో నాలుగు పాటలూ నలుగురి ముందూ పాడి విడుదల చెయ్యాలని కుగన్ ఏర్పాటు. రెండు రోజుల ముందు పాటలు పైడయ్య ఫోనుకు పంపాడు. పైడయ్య వాటిని శాంతాదేవికి వినిపించలేదు. కారులో వినిపించాలని దాచాడు. కారులో తప్పించుకోవడానికి వీలుండదు, పొయ్యి మీద పాలూ ఉండవు. మనసులో ఒక ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఈసారి తను చెప్పకూడదు, చూపించకూడదు. చెప్పించుకుని విన్నది వినడం కిందికి రాదు. జమైకాలో అందరికంటే ముందు వినపడేది కూడా ఈమెకు వినపడకపోతే, ఇక ఈ జన్మకు ఆ ఆశ వదిలేసుకోవాల్సిందే.

ఒళ్ళో వడల డబ్బా పెట్టుకుని శాంతాదేవి కారెక్కింది. పైడయ్య పాటలు పెట్టాడు.

హమ్‌దాన్ పాట అయింది. "గొంతు బాగుంది. జలుబు సేసినట్టుంది" అంది శాంతాదేవి.

కుమరన్ పాట అయింది. "ఈ పిల్లోడికి ఇంట్లో ఏదో గొడవ."

లోగేశ్వరి పాట అయింది. "ఇంగ్లీసు బాగా సదివినాది."

అప్పడు పాట వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈడు పాడతన్నాడా, మార్కెట్టుకి లిస్టు సెప్తన్నాడా?"

పైడయ్య కారును ఎంత మెల్లగా పోనిచ్చాడంటే, గెలల లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోయాయి. నాలుగు పాటలూ అయిపోయాయి. గొంతు గురించి అంది, భాష గురించి అంది, జలుబు గురించి కూడా అంది. అతని ఆశ టైరులో గాలిలా దిగిపోయింది.

అప్పుడు శాంతాదేవి ఫోను అందుకుంది. మొదటి పాట మళ్ళీ పెట్టింది. కళ్ళు మూసుకుని పూర్తిగా వింది. రెండోది పెట్టింది. మూడోది, నాలుగోది. ఆమె వేలు వడల డబ్బా మూత మీద మెల్లగా తడుతోంది.

"ఏటి?" అన్నాడు పైడయ్య, ఉండబట్టలేక.

"ఏటీ లేదు. బండి నడుపు."

అతను ఓరగా చూశాడు. ఆమె మొహం ఎర్రగా ఉంది. ఆ మొహం అతనికి బాగా తెలుసు. నిన్నటి చేపను ఇవాళ్టిదని అంటగట్టిన చేపలవాడి దగ్గరికి తిరిగి వెళ్ళేటప్పుడు పెట్టే మొహం అది. ఎందుకొచ్చిందో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు, అందులో నలభై మంది గాయకుల చుట్టాలే. శాంతాదేవి రెండో వరసలో కూర్చుంది. కుగన్ కీబోర్డు దగ్గర నిలబడ్డాడు. డ్రమ్ములు కంప్యూటరులోంచి వస్తాయి. పైడయ్య ఎవరూ చెప్పకుండానే వెళ్ళి తెర పక్క సందులో నిలబడ్డాడు. కుగన్ మైకు అందుకుని మలయ్‌లో, ఇవాళ మీకు నాలుగు లాగులు వినిపిస్తామన్నాడు. మలయ్‌లో లాగు అంటే పాట. తెలుగులో లాగు అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

హమ్‌దాన్ పాడాడు. చప్పట్లు. కుమరన్ పాడాడు. అతని భార్య తప్ప అందరూ చప్పట్లు కొట్టారు. లోగేశ్వరి పాటకు డ్రమ్ములు ఎత్తుకోగానే శాంతాదేవి లేచింది.

"ఒరే కుగనూ, ఆపు."

డ్రమ్ములు ఆగాయి.

"మైకులో ఏటి సెప్పినావు? నాలుగు లాగులన్నావా, లేదా?"

"అన్నాను, అత్తా."

"నాలుగెక్కడున్నాయిరా? ఉన్నది ఒకటే లాగు. నలుగురూ ఒకరి తరవాత ఒకరు తొడుక్కుంటన్నారు!"

తెలుగు తెలిసిన ముసలివాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. అప్పడు తన పంట్లాం వంక చూసుకున్నాడు. లాగు అన్న మాట ఒక్కటే అర్థమైన హమ్‌దాన్, తన పాటను మెచ్చుకుంటోందనుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు.

"అత్తా, అది అలాగే ఉండాలి. రిధిం అంటే..."

"నాకు సెప్పకు. మీ నాన్న సిన్నప్పుడు పరీచ్చలో పక్కోడిది సూసి రాసినాడు. నువ్వు ఇంకో నాలుగడుగులు ముందుకేసినావు. ఒకటి సేసి నలుగురికి అంటగట్టినావు. పైగా ఆరు ఆదివారాలు మా ఆయన్ని తిప్పుకున్నావు. ఇందులో ఆయనేడిరా? ఈసారైనా ఇనపడతాడేమోనని నాలుగూ రెండేసి సార్లు ఇన్నాను. లేడు!"

సందులో నిలబడ్డ పైడయ్య చేతిలో గిటారు ఒక్కసారిగా బరువెక్కింది. ఆమె తనకోసం వెతుకుతూ విందని అతను కలలో కూడా అనుకోలేదు. వెతికి, లేడని తేల్చుకుందని కూడా అనుకోలేదు. రెండూ ఒకేసారి తగిలేసరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కుగన్ ఒకసారి పైడయ్య వైపు చూశాడు. వాడికి ఏదో తట్టింది. "సరే అత్తా. మాటలు వేరు, రాగం వేరు, భాష వేరు. నాలుగింట్లో ఒకటేనంటన్నావు కదా, ఏది ఒకటే?"

"ఏదా? ఇది!"

శాంతాదేవి ఊపిరి పీల్చి, ఒక దెబ్బ వదిలి, అందుకుంది. "దుం దుదుం, దుం." మళ్ళీ ఊపిరి. "దుం దుదుం, దూం." చెయ్యి గాల్లో ఆడిస్తూ, కోపంగా, మొదటినుంచి చివరిదాకా, ఒక్క చోట కూడా తప్పకుండా నోటితో వాయించేసింది.

"ఇదే! నాలుగింట్లోనూ ఇదే! ఎవడు వాయించినాడో గానీ ఒదల్లేదు, ఆకరిదాకా వాయించినాడు."

"మావా," అన్నాడు కుగన్ మెల్లగా, కీబోర్డు మీంచి చేతులు తీసేసి, "నువ్వొక్కడివే వాయించు."

పైడయ్య గుటక మింగాడు, ఆ తర్వాత వాయించాడు. శాంతాదేవి ముందు కంప్యూటరు వైపు చూసింది. తర్వాత స్పీకరు వైపు చూసింది. దాని పక్కనున్న సందులోకి చూపు వెళ్ళి, అతని వేళ్ళ మీద ఆగింది. వేలు కదిలినప్పుడల్లా శబ్దం వస్తోంది. వేలు ఆగితే ఆగుతోంది. ఆమె మెల్లగా నడిచి స్టేజీ దగ్గరికి వచ్చింది.

"నువ్వా?"

"నేనే."

"ఇదా?"

"ఇదే."

"మన పెళ్ళప్పటినుంచీ ఇదేనా?"

"పాటలు వేరే. సెబ్దం ఇదే" అన్నాడు పైడయ్య.

శాంతాదేవి కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో కన్నీళ్ళో దగ్గరున్నవాళ్ళకు తెలియలేదు. పైడయ్యకు తెలిసింది. అరవై మంది ఆమె ఏమంటుందోనని చూస్తున్నారు. ఆమె గాయకుల వైపు తిరిగింది.

"మీరు నలుగురూ కొంచెం మెల్లగా పాడండి లా. ఆయన ఇనపడటం లేదు."

కుగన్ ఆ మాటను లోగేశ్వరికి తమిళంలోనూ, హమ్‌దాన్‌కు మలయ్‌లోనూ చెప్పాడు. ఆవిడ మొహం చూసి ఎవరూ కాదనలేదు. శాంతాదేవి ఒక కుర్చీ తెచ్చి, సరిగ్గా ఆ సందుకు ఎదురుగా వేసుకుని, గాయకులకు వీపు పెట్టి కూర్చుంది. లోగేశ్వరి ప్రపంచ శాంతిని గుసగుసగా కోరింది. అప్పడు పన్నెండు దాకా భయభయంగా లెక్కపెట్టాడు. మిగతా ఇద్దరి చేతా ఆమె మళ్ళీ మొదటినుంచి పాడించింది.

తిరుగు ప్రయాణంలో కారు ఊరు దాటింది. ఆ మధ్యాహ్నం పైడయ్య రెండుచోట్ల తప్పు వాయించాడు. అలాంటి తప్పులు పెళ్ళిళ్ళలో ఎన్ని వందలు చేశాడో అతనికే లెక్క లేదు, ఏ ఒక్కరూ ఏనాడూ అటు తిరిగి చూడలేదు.

"ఆ ఇంగ్లీసు పాటలో ఓసారి తప్పినావు" అంది శాంతాదేవి. "అప్పడు తొమ్మిది అన్నప్పుడు ఇంకోసారి."

"అవును" అన్నాడు పైడయ్య. కారును మళ్ళీ మెల్లగా పోనిచ్చాడు.